కట్‌సీన్

కట్‌సీన్ అనగా వీడియో గేముల మధ్యలో వచ్చే చలనచిత్రం వంటి దృశ్యం. ఈ సమయంలో ఆట ఆటగాని అదుపులో ఉండదు. అతడు కొంతసేపు ప్రేక్షకుడవుతాడు. కథను నడిపించడం, పాత్రలను పరిచయం చేయడం దీని ముఖ్య ప్రయోజనాలు.

చరిత్ర

1980లో జపానులో వెలువడిన పాక్-మ్యాన్ ఆటలో కొన్ని అంచెల నడుమ చిన్న హాస్య దృశ్యాలు ఉండేవి. 1987 నాటి మేనియాక్ మ్యాన్షన్ ఆట రూపకర్తలలో ఒకరైన రాన్ గిల్బర్ట్ ఇటువంటి దృశ్యాలకు కట్‌సీన్ అనే పేరు వాడాడు.

రకాలు

* ముందే తయారుచేసినవి: ఇవి వీడియోలుగా భద్రపరచబడి ఉంటాయి. బొమ్మ నాణ్యంగా ఉంటుంది కాని, ఆటగాడు తన పాత్రకు మార్చిన దుస్తులు ఇందులో కనిపించవు.
* అప్పటికప్పుడు గీయబడేవి: ఆటను చూపించే సాఫ్టువేరే వీటినీ చూపిస్తుంది. కనుక ఆ మార్పులు ఇందులో కనిపించగలవు.

విమర్శ

ఆట ఆడడానికే గాని చూడడానికి కాదని కొందరి వాదన. 1998లో వచ్చిన హాఫ్-లైఫ్ దాదాపుగా ఆటగాని అదుపు తప్పించకుండానే కథ చెప్పింది. అయితే 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7లో, ఆటగాడు ఎంతో శ్రమించి బలపరచిన ఏరిస్ అనే పాత్ర ఒక కట్‌సీన్‌లో హతమవుతుంది. ఏ నైపుణ్యమూ ఆమెను కాపాడలేదు. ఆ నిస్సహాయతే దృశ్యానికి బలం. అదుపు తీసివేయడం లోపమా, కళా సాధనమా అన్నది ఆ సందర్భాన్ని బట్టి ఉంటుంది.