చెఱువుకట్ట యెవరిది?

పాయకరావుపేటకును తునికిని నడుమ తాండవనది ప్రవహించుచున్నది. తూర్పుకనుమలలో బుట్టి, పెంటకోటచెంత సముద్రమున గలియు నీ యేటిమీద నెగువను తాండవజలాశయము కలదు. అది ప్రభుత్వపు పెద్దకట్ట గనుక నందఱి కన్నులును దానిమీద నుండును. కాని యీ సీమలోనేమి, తెలుగుదేశమంతటనేమి, పల్లెప్రక్కను మట్టితో గట్టిన చిన్నకట్టలు లెక్కకు మిక్కిలి. కార్తికమాసమున వాయుగుండము పట్టినప్పుడు పల్లెవారికి "గండి పడినది" అను కేకకంటె భయంకరమైన కేక లేదు. కట్ట యొకని సొత్తైనను, తెగినప్పుడు మునుగునవి దిగువవారి యిండ్లు. ఇట్టి కట్టకు జవాబుదారి యెవరు? ఈ ప్రశ్నకు మన చరిత్ర మేమి చెప్పుచున్నదో చూతము.

కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువుకడ 1369వ సంవత్సరపు శిలాశాసన మొకటి కలదు. విజయనగరరాజగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెఱువును గట్టించెను. దినమునకు వేయిమంది కూలీలును, నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసిరని యందు వ్రాయబడినది. మంచి చెఱువునకు వలసిన సాధనములు పండ్రెండును, దోషము లాఱును ఆ శాసనము లెక్కించినది. కట్టనుండి నీరూరుట యొక దోషము. రెండు రాజ్యముల పొలిమేర నుండుట మఱియొక దోషము. మొదటిది మట్టికి సంబంధించినది, రెండవది మనుష్యులకు సంబంధించినది. ఎవరి బాధ్యతయో తేలని చెఱువు నీరూరు చెఱువువలెనే చెడునని ఆ పెద్ద లెఱిగియుండిరని మేము తలచెదము.

కుంఫిణీవారి కాలమునకు చెఱువులు కొన్ని సర్కారువారివిగను, కొన్ని జమీందారులవిగను ఉండెను. చెన్నపురి రాజధానిలోని 14 జిల్లాలలో పనిచేయు చెఱువులు 43,000, పాడుపడినవి 10,000 అనియు, వాని కట్టల పొడవు మొత్తము 30,000 మైళ్లనియు నాటి ఇంజనీరు బెయిర్డ్ స్మిత్తు అంచనా వేసెను. 1858లో చెన్నపురి నిర్బంధశ్రమ చట్టము పుట్టినది. వఱదలో కట్ట తెగనున్నప్పుడు సమీపమున నున్న కూలివర్గపు పురుషులను బలవంతముగనైన పనికి బిలుచుట కది యధికార మిచ్చెను. ఆపద్ధర్మముగా నిది సరియే కావచ్చును. కాని గంపయు పారయు కూలివాని నెత్తిమీదనే పడుట గమనింపదగినది. కట్టవలన లాభము పొందువా డొకడు, దానిని కాపాడ నడిరేయి వఱదలో దిగువాడు వేఱొకడు.

ఇక న్యాయస్థానముల మాట. 1868లో ఇంగ్లండున రైలాండ్సు, ఫ్లెచరు అనువారి వ్యాజ్యమున నొక సూత్ర మేర్పడినది. తన భూమిపై నీటిని నిలువజేసికొన్నవాడు, ఆ నీరు బయటబడి పొరుగువానిని ముంచినచో, తన యజాగ్రత్త లేకున్నను నష్టము నిచ్చుకొనవలెననుట దాని సారాంశము. కొలది యేండ్లకే మన దేశమున నట్టి వ్యాజ్యము వచ్చినది. కార్వేటినగరము జమీందారుని చెఱువులు రెండు గొప్ప వఱదలో తెగి మద్రాసు రైల్వే కంపెనీవారి మార్గమును పాడుచేసెను. కంపెనీవారు ఇంగ్లీషు సూత్రము ననుసరించి నష్టము కోరిరి. 1874లో ప్రీవీకౌన్సిలువారు జమీందారుని పక్షమున దీర్పు చెప్పిరి. ఈ దేశమున చెఱువు సొంత విలాసమునకు గట్టుకొన్నది కాదు. ప్రజల పంటకై దానిని నిలుపుట అనాదియాచారముచే వచ్చిన విధి. కావున నజాగ్రత్త ఋజువైనగాని విధి నెఱవేర్చువాడు దోషి కాడనిరి.

ఈ తీర్పులోని వివేకమును మేము కాదనము. ప్రతి వఱదకును యజమాని దండుగ చెల్లింపవలసివచ్చినచో, చెఱువులు నిలుపుకొనువారే యుండరు. కాని విధియని చెప్పినంతమాత్రమున విధి నెఱవేఱునా? గండి పడిన పిమ్మట న్యాయస్థానము విచారించును. పడకముందు కట్టను చూచువా డెవడు? రైల్వే కంపెనీకి వకీళ్లు కలరు. గుడిసె కొట్టుకొనిపోయిన పేదరాలి కెవరు కలరు?

ఇంగ్లండువారును దెబ్బ తిన్న తరువాతనే మేలుకొనిరి. 1925లో వేల్సుదేశమున డోల్‌గారొగ్ గ్రామమునకు పైనున్న కట్టలు తెగి పదునాఱుగురు మృతినొందిరి. 1930లో వారు చట్టము చేసి, పెద్ద జలాశయములను పదేండ్ల కొకమాఱైనను అర్హుడగు ఇంజనీరుచే పరీక్ష చేయింపవలెనని యజమానులను శాసించిరి. మనకు 1948 ఎస్టేటుల రద్దు చట్టముచే జమీందారీ చెఱువులు ప్రభుత్వపరమాయెను. 2021లో భారతదేశమునకు ఆనకట్టల భద్రతాచట్టము వచ్చినది. అది 15 మీటర్లకు మించిన కట్టలకు వర్తించును. 10 మొదలు 15 మీటర్ల వఱకు గలవానిలో కొన్ని లక్షణములు గలవానికే వర్తించును. మన పల్లెచెఱువులలో బహుళము, సొంత పొలములలో త్రవ్వుకొన్న కుంటలును చేపలచెఱువులును ఈ కొలతకు లోబడవు.

కాని నీటికి కట్ట యెత్తుతోడనే పని లేదు. ఎలుకయు పీతయు చేసిన బొరియ, ఎండిన చెట్టువేరు విడిచిన సందు, తూముప్రక్కను వదులైన మన్ను, ఇవి చాలును. సన్నని చెమ్మ బుంగయగును, బుంగ గండియగును. అలుగు చాలక నీరు కట్టపై బొర్లినచో మట్టికట్ట కొలది గడియలలో కరగిపోవును. నీ రెక్కువ నిలువవలెననియో, చేపలు జాఱిపోవుననియో అలుగును మూయువాడు, తెలియకయే దిగువయూరికి ముప్పు తెచ్చుచున్నాడు.

కావున మేము కోరునది స్వల్పము. కట్ట చిన్నదైనను, ఎవరి సొత్తైనను, దాని దిగువ ఇండ్లున్నచో ప్రభుత్వమువారి పట్టికలో దాని పేరుండవలెను. వానలకు ముం దొకమాఱు, వానలు వెలసిన పిమ్మట నొకమాఱు తెలిసినవారిచే పరీక్ష జరుగవలెను. ఆ పరీక్షలో కనబడిన లోపమును గ్రామసభలో చదివి వినిపింపవలెను. మరమ్మతు వ్యయమును లాభము పొందువాడు భరింపవలెను. పనిచేసిన కూలివానికి కూలి ముట్టవలెను.

నీరు నిలిపినవానికి పుణ్యమని మన పెద్దలు నమ్మిరి. నిలిపిన నీటిని కట్టలో నుంచుట ఆ పుణ్యములో సగపాలని మేము మనవి చేయుచున్నాము.