బంధనంలో పెంపుడు పిల్లి: వసతి, పరిసర సుసంపన్నతల చరిత్ర

ఆశ్రయ కేంద్రాలు, ప్రయోగశాలలు, యజమానులు ఊరెళ్తూ పిల్లిని అప్పగించి వెళ్లే బోర్డింగ్ కేంద్రాలు, గడప దాటనివ్వని ఇళ్లు... వీటన్నిటిలోనూ పెంపుడు పిల్లి బతికేది మనిషి గీసిన హద్దుల్లోనే. అలా దానికి కేటాయించిన చోటును వసతి అంటారు. ఆ చోటులో పిల్లి తన సహజ స్వభావంతో మెలగడానికి చేసే ఏర్పాట్లు పరిసర సుసంపన్నత కిందికి వస్తాయి. దాక్కోవడానికి మూల, ఎక్కి కూర్చోవడానికి అర, గోళ్లు గీరుకోవడానికి దుంగ, వేటను తలపించే ఆట, వేళ తప్పని మనిషి పలకరింపు వీటిలో ముఖ్యమైనవి. పిల్లుల్ని బోనుల్లో ఉంచడం ఎప్పటినుంచో ఉన్నా, బోనులో వాటికి ఏం కావాలో శాస్త్రీయంగా పరిశీలించడం 1990లలోగానీ ఊపందుకోలేదు.

పెంపుడు పిల్లికి మూలం ఫెలిస్ లైబికా అనే ఆఫ్రికా అడవిపిల్లి. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పాతిపెట్టిన సుమారు 9,500 ఏళ్ల నాటి పిల్లి అస్థిపంజరం దొరికింది కాబట్టి, ఈ సహవాసం చాలా పాతది. అయినా ఒంటరిగా వేటాడే జంతువు లక్షణాలు పిల్లిలో చాలావరకు అలాగే మిగిలాయి. కుక్కకు ఉన్నట్టు ఎదుటివారిని శాంతపరిచే సంజ్ఞలు దానికి పెద్దగా లేవు. భయపడితే దూరంగా పోతుంది, ఎత్తుకు ఎక్కుతుంది, కంటపడకుండా నక్కుతుంది. చిన్న బోను ఈ మూడు దారుల్నీ మూసేస్తుంది.

మేరీ టీల్బీ అనే మహిళ 1860లో లండన్‌లోని హోలోవేలో దిక్కులేని కుక్కల కోసం ఒక ఆశ్రయం స్థాపించారు. అది 1871లో బ్యాటర్సీకి మారింది. పిల్లులకు అక్కడ చోటు దొరికింది 1883లో. పిల్లుల కోసమే ఏర్పడిన క్యాట్స్ ప్రొటెక్షన్ లీగ్ 1927లో బ్రిటన్‌లో మొదలైంది. టీకాలు రాని ఆ రోజుల్లో అంటురోగం ఒక్కటి చొరబడినా కేంద్రమంతా తుడిచిపెట్టుకుపోయేది. అందుకే కడగడానికి వీలైన నున్నటి గోడలు, ఇనుప తలుపులు, ఖాళీ నేల ఆదర్శంగా నిలిచాయి. ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. అయితే రోగభయం తగ్గాక కూడా ఆ ఖాళీ బోను దశాబ్దాలపాటు అలాగే కొనసాగింది.

పిల్లిని పూర్తిగా ఇంట్లోనే ఉంచి పెంచడం వ్యాపించడానికి ఒక చిన్న సరుకు ఎంతో తోడ్పడింది. అంతకుముందు పిల్లి మలమూత్రాల కోసం ఇసుకో బూడిదో తొట్టిలో పోసేవారు. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడ్వర్డ్ లో అనే వ్యాపారి బూడిదకు బదులుగా ముల్తానీ మట్టి గుళికలను ఇచ్చి చూశాడు. అవి తడిని బాగా పీల్చాయి, వాసనను తగ్గించాయి. దీంతో పిల్లిని బయటికి వదలాల్సిన అవసరం తగ్గింది. దాని లోకం కూడా నాలుగు గోడలకు కుదించుకుపోయింది.

చట్టాలు మొదట పట్టించుకున్నది నేల కొలతను. ‘పెప్పర్’ అనే డాల్మేషియన్ కుక్కను ప్రయోగశాల కోసం ఎత్తుకుపోయిన ఉదంతం 1965లో అమెరికాలో పెద్ద కలకలం రేపింది. మరుసటి ఏడాదే ప్రయోగశాల జంతువుల సంక్షేమ చట్టం వచ్చింది. 1985 సవరణ కుక్కలకు వ్యాయామాన్ని, కోతిజాతి జంతువులకు మానసిక క్షేమాన్ని తప్పనిసరి చేసింది. పిల్లుల విషయంలో అలాంటి షరతేదీ పెట్టలేదు. అమెరికా నిబంధనల ప్రకారం నాలుగు కిలోల లోపు పిల్లికి మూడు చదరపు అడుగుల నేల, రెండడుగుల ఎత్తు, కూర్చోవడానికి ఒక అర ఉంటే చాలు. యూరోపియన్ యూనియన్ 2010 ఆదేశం ఒక పిల్లిని ఉంచే చోటుకు కనీసం ఒకటిన్నర చదరపు మీటర్ల నేల, అర చదరపు మీటరు అరలు, రెండు మీటర్ల ఎత్తు ఉండాలంది. నేల మాటెలా ఉన్నా, ఎక్కగలిగే ఎత్తునూ కొలతల్లో చేర్చడమే ఇందులో అసలు మేలు. స్విట్జర్లాండ్ నిబంధనలు ఇంకో అడుగు ముందుకేసి, ఒంటరిగా ఉంచిన పిల్లికి రోజూ మనుషులతో సాంగత్యంగానీ, కనీసం మరో పిల్లి కంటికి కనబడడంగానీ ఉండాలన్నాయి.

బోనులో పిల్లి పడే బాధను గుర్తించడం ఒక చిక్కు సమస్య. నిలకడలేని మనిషిని కాలుగాలిన పిల్లితో పోలుస్తాం. కొత్త బోనులో పిల్లి మాత్రం చాలాసార్లు అసలు కదలదు. వెనక గోడకు ఆనుకుని, పొట్టను నేలకు అదిమి, కాళ్లు కిందికి ముడుచుకుని, కనుపాపలు విప్పార్చి కూర్చుంటుంది. ఏ ఆచ్ఛాదనా దొరక్కపోతే మలమూత్రాల తొట్టిలోనే (లిట్టర్ ట్రే) ఒదిగి పడుకుంటుంది. పైపైన చూసేవారికి అది బుద్ధిగా ఉన్నట్టు కనిపిస్తుంది. 1997లో పరిశోధకులు కెస్లర్, టర్నర్ ఇలాంటి భంగిమల ఆధారంగా ఏడు మెట్ల ఒత్తిడి కొలమానాన్ని బోర్డింగ్ పిల్లులకు వర్తింపజేశారు. చాలా పిల్లులు రెండు వారాల్లో కుదుటపడతాయనీ, కొన్ని ఆ తర్వాత కూడా బెదురుతోనే ఉంటాయనీ తేలింది. గుంపుగా ఉంచితే ఒక్కో పిల్లికి కనీసం 1.7 చదరపు మీటర్లు కావాలని 1999లో వారే సూచించారు. అంతకుముందే, 1993లో, కార్ల్‌స్టెడ్ బృందం ప్రయోగశాల పిల్లులపై పనిచేసింది. సంరక్షణ వేళలు గాడితప్పితే వాటి మూత్రంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగింది. ఎక్కువగా దాక్కున్న పిల్లుల్లో అది తక్కువగా ఉంది.

దాక్కోనివ్వడమే ఉపశమనమన్న ఈ సూచనకు గట్టి బలం నెదర్లాండ్స్‌లో దొరికింది. 2014లో ప్రచురితమైన అధ్యయనంలో, ఆశ్రయానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో పదింటికి దాక్కునే పెట్టె ఇచ్చారు, తొమ్మిదింటికి ఇవ్వలేదు. పెట్టె దొరికినవి తొలి రోజుల్లోనే త్వరగా తేరుకున్నాయి. దాక్కుంటే దత్తతకు వచ్చేవారి కంటపడదేమోనని నిర్వాహకులు సందేహించేవారు. బ్రిటన్‌లో పరిశోధకులు క్రై, కేసీ 2007లో చేసిన పరిశీలన ఆ సందేహాన్ని తీర్చింది. దాక్కునే వీలున్న పిల్లులు ముందుకు రావడానికే ఎక్కువ మొగ్గు చూపాయి, దత్తత కూడా ఆలస్యం కాలేదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా జంతు సంరక్షణ సంఘం లోపల దాక్కోవడానికి, పైన కూర్చోవడానికి పనికొచ్చే అట్టపెట్టెను రూపొందించింది. ఆ పెట్టె పిల్లితోపాటే కొత్త ఇంటికి వెళ్తుంది. దాని సొంత వాసన అక్కడ తోడుంటుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసిన ఏర్పాటు ఈ చరిత్రలో మరొకటి లేదు.

ఒత్తిడికీ రోగానికీ ఉన్న బంధం కూడా క్రమంగా స్పష్టమైంది. హెర్పిస్ వైరస్ సోకిన పిల్లిలో అది నిద్రాణంగా ఉండి, ఒత్తిడి వేళ తిరగబెడుతుంది. ఆశ్రయాల్లో తుమ్ములు, ముక్కు కారడం అందుకే ఎక్కువ. ఉత్తర అమెరికాలోని తొమ్మిది ఆశ్రయాల సమాచారంతో 2018లో వచ్చిన అధ్యయనం ప్రకారం, నేల వైశాల్యం ఎనిమిది చదరపు అడుగులు మించినా, తొలివారంలో పిల్లిని పదేపదే బోను మార్చకున్నా ఈ వ్యాధి తగ్గుతుంది. చోటు పెంచేందుకు పక్కపక్క బోనుల మధ్య గోడకు గుండ్రటి ద్వారం పెట్టి, ఒకవైపు తిండి, పడక, మరోవైపు లిట్టర్ ట్రే ఉంచే పద్ధతి వ్యాపించింది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ ఇంటి పిల్లుల మూత్రాశయ వాపుపై పరిశోధించారు. ఇంటి పరిసరాలు సరిదిద్దితే చాలా పిల్లుల్లో ఆ బాధ తగ్గుతుందని ఆయన బృందం 2006లో చూపింది.

ఇదంతా క్రోడీకరిస్తూ 2013లో అమెరికా, అంతర్జాతీయ పిల్లుల వైద్య సంఘాలు ఉమ్మడిగా అయిదు అవసరాలను ప్రకటించాయి: భద్రమైన చోటు; తిండి, నీళ్లు, లిట్టర్ ట్రే వంటివి వేర్వేరుగా ఒకటికి మించి ఉండడం; ఆటకూ వేటకూ అవకాశం; మనిషితో నిలకడైన, స్నేహపూర్వకమైన సాంగత్యం; పిల్లి వాసనా ప్రపంచాన్ని చెదరగొట్టకపోవడం. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో 2022 జులై నుంచి కొత్త పిల్లుల్ని ఇంటి ఆవరణ దాటనివ్వకూడదన్న నియమం వచ్చింది. స్థానిక పక్షులకు అది రక్ష. అలాంటి చోట్ల, పోయిన బయటి లోకానికి బదులు సమకూర్చే బాధ్యత మాత్రం యజమానిదే.

భారతదేశంలో 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం, కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులో ఏ జంతువును ఉంచినా నేరమే. ఆ సెక్షన్ పిల్లికీ వర్తిస్తుంది. అందులో అంకెలు లేవు, దాక్కునే చోటు ప్రస్తావన కూడా లేదు.