పొట్టు కడిగిన వాన

బోట్స్వానాలో డబ్బును వాన అంటారు. మాటవరసకు కాదు, అక్కడి కరెన్సీ పేరే అది. సెట్స్వానా భాషలో పులా అంటే వాన. ముప్పాతిక వంతు దాకా కలహారీ ఇసుక పరుచుకున్న దేశంలో వానను మించిన దీవెన ఏముంటుంది? సభ ముగిసిందంటే జనం 'పులా!' అని గట్టిగా అరుస్తారు. 1976లో దక్షిణాఫ్రికా ర్యాండ్‌ను వదిలేసి సొంత నోట్లు అచ్చు వేసుకున్నప్పుడు ఆ దీవెననే నోటు మీదికి తెచ్చుకున్నారు.

తూర్పు సరిహద్దు దాటితే జింబాబ్వే. అక్కడి షోనా భాషలోనూ ఒక వానకు పేరుంది: గుకురాహుండి. నూర్పిళ్ళయ్యాక మిగిలిన పొట్టునూ తాలునూ కడిగేసి, నేలను కొత్త పంటకు సిద్ధం చేసే తొలి వాన అది. రైతు నోట్లో పుట్టిన చక్కటి మాట. 1983 తర్వాత ఆ దేశంలో చాలామంది ఆ మాట వింటే ఉలిక్కిపడుతున్నారు.

జింబాబ్వే ఎలా చెడిపోయిందో చెప్పమంటే చాలామంది నోటు మీది సున్నాలు లెక్కపెట్టడంతో మొదలుపెడతారు. ఇంకొందరు 2000లో తెల్ల రైతుల పొలాల ఆక్రమణతో మొదలుపెడతారు. నాకు మాత్రం ఈ వాన దగ్గరే కథ మొదలైందనిపిస్తుంది. కానీ దానికి ముందు ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి.

1895లో ముగ్గురు త్స్వానా దొరలు ఓడెక్కి లండన్ వెళ్ళారు. వాళ్ళలో ఖామా అనే ఆయన తర్వాతి కాలంలో బోట్స్వానాకు తొలి అధ్యక్షుడైన సెరెట్సే ఖామాకు తాత. సిసిల్ రోడ్స్ కంపెనీ చేతికి తమ నేలను అప్పగించవద్దని, పాలిస్తే నేరుగా మీరే పాలించండని బ్రిటిష్ ప్రభుత్వాన్ని అడగడానికి వెళ్ళారు. పరాయి దొరను వదిలించుకోమని కాదు, ఇద్దరు పరాయి దొరల్లో కాస్త మంచివాణ్ణి ఎంచుకోనివ్వమని! ఆ ఏడాది చివర్లో రోడ్స్ మనుషులు ట్రాన్స్‌వాల్ మీద దండెత్తి అభాసుపాలు కావడంతో ఈ ముగ్గురి అదృష్టం పండింది. పైగా ఆ ఎండు నేల మీద ఎవరికీ పెద్దగా మోజు లేదు. కాసే చెట్టుకే రాళ్ళ దెబ్బలు. కాసిన చెట్టు ఇవతల, ఇప్పటి జింబాబ్వేలో ఉంది: ఎత్తయిన పీఠభూమి, మంచి వానలు, బంగారం. రోడ్స్ దానికి రొడీషియా అని తన పేరే పెట్టుకున్నాడు, చచ్చాక అక్కడి మటోబో కొండల్లోనే పూడ్పించుకున్నాడు. 1930 నాటి భూచట్టం ఆ దేశంలో సగం నేలను గుప్పెడుమంది తెల్లవాళ్ళకు రాసిచ్చింది.

1966లో బోట్స్వానాకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడ ఉన్న తారు రోడ్డు 12 కిలోమీటర్లు. డిగ్రీ చదివినవాళ్ళు 22 మంది. అంతకు ఏడాది ముందు దాకా రాజధాని ఆ దేశంలోనే లేదు. దక్షిణాఫ్రికాలోని మఫెకింగ్ ఊరి నుంచి పాలన సాగేది. గాబరోన్ నగరాన్ని తుప్పల మధ్య కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. దేశం మధ్యగా పోయే ఒకే ఒక్క రైలు కూడా పక్కింటివాళ్ళదే. 1987 దాకా ఆ రైల్వే పొరుగు దేశం జింబాబ్వే చేతిలోనే ఉంది. ఆ పొరుగు దేశంలో అప్పటికే కరీబా ఆనకట్ట కరెంటు, ఫ్యాక్టరీలు, యూనివర్సిటీ ఉన్నాయి. అక్టోబర్‌లో వీధులనిండా ఊదారంగు జకరండా పూలు రాలే రాజధాని ఉంది. ఆ రోజుల్లో ఈ రెండింటిలో ఏది బాగుపడుతుందని అడిగితే చిన్నపిల్లవాడు కూడా తప్పు జవాబే చెప్పేవాడు.

1980 ఏప్రిల్ 17 రాత్రి జింబాబ్వే రాజధానిలోని రుఫారో స్టేడియంలో బ్రిటిష్ జెండా దిగింది. ప్రిన్స్ చార్లెస్ వచ్చాడు, మన ఇందిరాగాంధీ వెళ్ళారు, బాబ్ మార్లే పాడాడు. లోపలికి తోసుకొచ్చిన జనం మీద పోలీసులు వదిలిన బాష్పవాయువు వేదిక దాకా రావడంతో పాట కాసేపు ఆగిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే అదేదో అపశకునంలా అనిపిస్తుంది గానీ, ఆ రాత్రి కళ్ళు మండినా ఎవరూ పట్టించుకోలేదు. టాంజానియా అధ్యక్షుడు న్యెరేరే, కొత్త దేశానికి ప్రధాని అయిన రాబర్ట్ ముగాబేతో, నీ చేతికో రత్నం వచ్చింది, పదిలంగా చూసుకో అన్నాడని చెబుతారు.

మొదట్లో ఆయన పదిలంగానే చూసుకున్నాడు. ముగాబే స్వతహాగా బడిపంతులు. పదేళ్ళకు పైగా జైల్లో ఉండి, పోస్టు ద్వారా పాఠాలు చదివి డిగ్రీలు సంపాదించినవాడు. జైల్లో ఉండగానే ఘనాలో పసికొడుకు చనిపోతే, పాతిపెట్టడానికి కూడా పంపలేదు రొడీషియా ప్రభుత్వం. అంత అనుభవించి వచ్చిన మనిషి గద్దెనెక్కగానే తెల్లవాళ్ళతో, పాతవి మరిచిపోదాం, కలిసి బతుకుదాం అన్నాడు. ప్రాథమిక బడుల్లో సుమారు 8 లక్షలున్న పిల్లల సంఖ్య ఐదారేళ్ళలో 20 లక్షలు దాటింది. ఆఫ్రికాలో అక్షరాస్యులు ఎక్కువగా ఉన్న దేశాల్లో జింబాబ్వే ముందువరుసకు వచ్చింది. పంతులు చేసిన పని అది, కాదనడానికి లేదు. ఆయన మీద నాకున్న కోపమంతా ఇక్కడే మెత్తబడుతుంది, మళ్ళీ ఇక్కడే రెట్టింపవుతుంది.

ఆ జెండా ఎగిరిన మూడు నెలలు కాకముందే సెరెట్సే ఖామా కన్నుమూశాడు. తెల్లపిల్ల రూత్‌ను పెళ్ళాడినందుకు బ్రిటిష్‌వాళ్ళు ఏళ్ళపాటు సొంత దేశంలోకి రానివ్వని మనిషి ఆయన. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడే ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. అది ఆయన సొంత తెగ నేల. అప్పటికే ఆయన ప్రభుత్వం, భూగర్భంలో ఏముంటే అది తెగలది కాదు, దేశానిది అని చట్టం చేస్తోంది. తన తెగవాళ్ళ చేత కూడా ఆ హక్కు వదులుకునేలా చేశాడు. ఆ ఒక్క పని ఎన్ని కొట్లాటలు ఆపిందో లెక్కవేయడం కష్టం.

అక్కడ ఇంకొకటుంది, క్గోట్లా. మన రచ్చబండే అనుకోండి. దొర కూర్చుంటాడు, ఊరివాళ్ళు ఒక్కొక్కరే లేచి దొర మొహం మీదే తప్పొప్పులు చెబుతారు. అందరూ చెప్పాకగాని ఆయన నోరు విప్పకూడదు. పాత పద్ధతి గనక అందులో ఆడవాళ్ళకు చాలాకాలం చోటు లేదు, కింది తెగలకు మాట లేదు. అయినా తిట్లు వినడం పాలకుడి పనిలో భాగమని ఆ జాతికి ముందునుంచీ తెలుసు.

ముగాబేకు వినడం చేతకాలేదు. బులవాయో చుట్టుపక్కల మటబెలెలాండ్ ప్రాంతంలో ఎన్‌డెబెలెలు ఎక్కువ. వాళ్ళ నాయకుడు జాషువా ఎన్‌కోమో స్వాతంత్ర్య పోరాటంలో ముగాబేకు పెద్దన్న లాంటివాడు, ఎన్నికల్లో ప్రత్యర్థి. అక్కడ తిరుగుబాటుదారులున్నారని చెప్పి 1983 జనవరిలో ఐదో బ్రిగేడ్‌ను దించారు. దానికి ఉత్తర కొరియావాళ్ళు శిక్షణ ఇచ్చారు. ముగాబే దానికి పెట్టిన పేరు గుకురాహుండి.

పొట్టు కడిగే వాన. మరి పొట్టు ఎవరు?

కాథలిక్ న్యాయ కమిషన్ సాక్షులను కలిసి 1997లో ఒక నివేదిక తెచ్చింది. ఊరివాళ్ళను బడి దగ్గరో బోరింగు దగ్గరో పోగేసేవాళ్ళు. కొందరి చేత వాళ్ళ గోతులు వాళ్ళనే తవ్వించి కాల్చేవాళ్ళు. అప్పుడే పూడ్చిన ఆ మట్టి మీద, చచ్చినవాళ్ళ తోబుట్టువుల చేతనే అధికార పార్టీని పొగిడే పాటలు పాడించి ఆడించేవాళ్ళు. ఏడవకూడదు. చాలాచోట్ల శవాన్ని తీసి శాస్త్రం ప్రకారం పూడ్చుకోనివ్వలేదు. జైలు గోడ వెనక కొడుకు చావుకు ఏడ్చిన తండ్రి పాలనలో జరిగింది ఇది. పోయినవాళ్ళు 20,000 దాకా ఉంటారని అంచనా. ఎన్‌కోమో ప్రాణం అరచేత పట్టుకుని పారిపోయాడు. ఎక్కడికి? సరిహద్దు దాటి బోట్స్వానాకు, అక్కణ్ణుంచి లండన్‌కు. 1987లో రాజీ అయ్యాడు. ఆయన పార్టీ ముగాబే పార్టీలో కలిసిపోయింది.

లోకం ఏం చేసింది? 1994లో బ్రిటన్ రాణి ముగాబేకు గౌరవ నైట్‌హుడ్ ఇచ్చింది. 2008లో వెనక్కి తీసుకుంది. ఆ పద్నాలుగేళ్ళ మధ్య ఏం మారింది? తెల్ల రైతులు పొలాలు పోగొట్టుకున్నారు. నల్లవాళ్ళు నల్లవాళ్ళను చంపినప్పుడు రాని కోపం అప్పుడొచ్చింది. ఈ మాట అంటే కొందరికి రుచించదు గానీ, తేదీలు అలాగే ఉన్నాయి మరి.

భూమి గొడవ బూటకమని నేననను. నాలుగువేల పైచిలుకు తెల్ల కుటుంబాల చేతిలో మేలైన నేల ఉంటే ఏ దేశం ఊరుకుంటుంది? కానీ పంచిన తీరు వేరు. 1997లో మాజీ గెరిల్లాలకు ఖజానాలో లేని డబ్బు పంచడంతో నవంబర్ 14న జింబాబ్వే డాలర్ ఒక్కపూటలో కుప్పకూలింది. మరుసటి ఏడు కాంగో యుద్ధానికి సైన్యం పోయింది. 2000 ఫిబ్రవరిలో జనాభిప్రాయ సేకరణలో ముగాబే మొదటిసారి ఓడిపోయాడు. కొద్దిరోజుల్లోనే మాజీ గెరిల్లాలు తెల్ల రైతుల పొలాల మీద పడ్డారు. మేలైన పొలాలు చాలా పెద్దవాళ్ళకే పోయాయి. ఆ పొలాల్లో కూలి చేసే లక్షలమంది నల్లవాళ్ళు రోడ్డున పడ్డారు, వాళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పొరుగుదేశాలకు మొక్కజొన్న అమ్మిన నేల తిండిగింజల సాయానికి చేయి చాచింది.

2005 మేలో మళ్ళీ ఒక పేరు పెట్టారు. మురాంబత్స్వినా, అంటే చెత్త ఊడ్చేయడం. నగరాల్లో పేదల గుడిసెలను, తోపుడుబళ్ళను బుల్డోజర్లతో నేలమట్టం చేశారు. ఇల్లో బతుకుతెరువో పోయినవాళ్ళు ఏడు లక్షలమందని ఐక్యరాజ్యసమితి ప్రతినిధి తేల్చింది. మొదట పొట్టు, తర్వాత చెత్త.

ఇక నోటు సంగతి. 2009 జనవరిలో అచ్చయిన వంద ట్రిలియన్ల నోటు మీద ముందువైపు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ మూడు బండరాళ్ళుంటాయి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపడేట్టు. వెనకవైపు విక్టోరియా జలపాతం, ఒక అడవిదున్న. ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు. మన లెక్కలో కోటి కోట్లు. పెద్దలు దీవించేటప్పుడు తప్ప మనం వాడని అంకె! అంతకుముందు జూలైలో సర్కారు ఒప్పుకున్న ధరల పెరుగుదలే 23 కోట్ల శాతం. జీతం తీసుకుని బ్యాంకు గుమ్మం దిగేలోపు రొట్టె ధర మారిపోయేది. జీవితమంతా దాచుకున్న పంతుళ్ళ పింఛన్లు ఒక బస్సు టికెట్టుకు చాలలేదు. 2015లో ఆ డబ్బును రద్దు చేస్తూ కోటి కోట్ల నోటుకు 40 అమెరికా సెంట్లు కట్టారు. నోట్లు సేకరించేవాళ్ళు ఇవాళ అంతకు ఎన్నో రెట్లు పెట్టి కొంటున్నారు. ఆ నోట్లు అచ్చవుతున్న నెలల్లోనే నీళ్ళ గొట్టాలు పాడై కలరా వచ్చింది, నాలుగువేలమందికి పైగా పోయారు.

మనవాళ్ళకు ఈ దేశం క్రికెట్‌తోనే ఎక్కువ గుర్తు. 1998లో షార్జాలో హెన్రీ ఒలొంగా బౌన్సర్‌కు సచిన్ అవుటవడం, ఫైనల్లో సచిన్ 124 కొట్టి బదులు తీర్చుకోవడం గుర్తున్నవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. అదే ఒలొంగా 2003 ఫిబ్రవరి 10న హరారేలో ప్రపంచకప్ మ్యాచ్‌కు ఆండీ ఫ్లవర్‌తో కలిసి చేతికి నల్లపట్టీ కట్టుకుని వచ్చాడు. తమ దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని మైల పట్టాడు. గుడ్డ దొరక్క కరెంటు వైర్లకు చుట్టే నల్లటేపు చుట్టుకున్నారట. ఆ ప్రపంచకప్‌తో ఇద్దరి ఆటా అయిపోయింది. ఒలొంగా దేశం విడిచి వెళ్ళిపోయాడు.

బోట్స్వానా స్వర్గమేమీ కాదు. పెద్దవాళ్ళలో నాలుగోవంతు మందికి హెచ్ఐవీ సోకి ఒక తరంలో చాలామంది రాలిపోయారు. అయితే 2002లో సర్కారే మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి పెట్టిన పేరు మాసా, కొత్త తెల్లవారుజాము. కలహారీలో తరతరాలుగా ఉన్న సాన్ జనాన్ని మాత్రం అభివృద్ధి పేరిట వేటభూముల నుంచి లేపేసింది. వాళ్ళు కోర్టుకెళ్ళి 2006లో గెలిచారు. గెలవగలిగే కోర్టు ఉండటమే తేడా. వజ్రాలు జింబాబ్వేలోనూ దొరికాయి, మరాంగేలో. 2008 నవంబర్లో అక్కడ తవ్వుకుంటున్న పేదలను సైన్యం హెలికాప్టర్లలోంచి కాల్చింది. రాయి ఒకటే. 2024లో బోట్స్వానాలో 58 ఏళ్ళు ఏలిన పార్టీ ఓడిపోతే, అధ్యక్షుడు ఓటమి ఒప్పుకుని దిగిపోయాడు. ముగాబేను 2017లో సొంత సైన్యమే దించింది. 95 ఏళ్ళ వయసులో సింగపూర్ ఆసుపత్రిలో పోయాడు. దేశంలో నమ్మదగిన ఆసుపత్రి మిగల్లేదు.

రెండు దేశాల మధ్య బోట్స్వానా 2003లో కంచె వేయడం మొదలుపెట్టింది. పశువులకు గాలికుంటు సోకకుండా అని పైకి చెప్పింది. మనుషులు దాటుతూనే ఉన్నారు. తెల్లవారేసరికి ఫ్రాన్సిస్‌టౌన్ రోడ్ల పక్కన జింబాబ్వే ఆడవాళ్ళు పని కోసం నిలబడతారు, బట్టలుతకడానికి, పిల్లల్ని చూడటానికి. ముగాబే కట్టిన బడుల్లో చదువుకున్నవాళ్ళు. కొందరు పాఠాలు చెప్పినవాళ్ళు. సాయంత్రానికి కూలి చేతిలో పెడతారు, పులాల్లో. నెలాఖరుకు ఒక మొక్కజొన్న పిండి బస్తా కొని, సామాన్లు చేరవేసే ఒమలయిట్షా బండి వెనక ట్రాలీలో వేస్తారు. ఆ పిండి బోట్స్వానాలో పండింది కూడా కాకపోవచ్చు, చాలామటుకు దక్షిణాఫ్రికా నుంచి వస్తుంది. బస్తా మీద స్కెచ్ పెన్నుతో పేరు, ఊరు రాస్తారు. బులవాయోలో ఎవరో ముసలామె ఆ రాత్రికి సాడ్జా వండుతుంది, మన సంకటి లాంటిదే.