పదకొండో ల్యాప్‌లో విరిగిన పళ్లు

1967 జూన్ 4. హాలండ్‌లో సముద్రపు ఒడ్డున, ఇసుక దిబ్బల మధ్య ఉన్న జాండ్‌వోర్ట్ ట్రాక్. డచ్ గ్రాండ్ ప్రీ మొదలై పది ల్యాప్‌లయింది. అందరికంటే ముందు గ్రాహం హిల్ నడుపుతున్న లోటస్ 49 దూసుకుపోతోంది. కారూ కొత్తదే, ఇంజినూ కొత్తదే. రెండింటికీ ఇదే తొలి పందెం.

పదకొండో ల్యాప్‌లో ఆ కారు చప్పుడు ఆగిపోయింది. క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పే పళ్ల చక్రాల్లో ఒకటి విరిగింది. వాల్వ్‌లు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో చెప్పే టైమింగే తెగిపోయాక ఇక ఇంజిన్ లేనట్టే. హిల్ పందెం అక్కడితో ముగిసింది.

ఆ ఇంజిన్ పేరు డీఎఫ్‌వీ. తయారు చేసింది ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో ఉన్న కాస్‌వర్త్. మైక్ కాస్టిన్, కీత్ డక్‌వర్త్ అనే ఇద్దరు మిత్రులు 1958లో పెట్టిన సంస్థ అది. మామూలు కార్ల ఇంజిన్లను విప్పి, మార్చి, పందేలకు సిద్ధం చేయడంతోనే వాళ్లకు పేరొచ్చింది. డీఎఫ్‌వీకి ముందు అడుగు కూడా అలాంటిదే. ఇంటి కారైన ఫోర్డ్ కార్టినా బ్లాకు మీద సిలిండర్‌కు నాలుగు వాల్వ్‌ల కొత్త హెడ్డు బిగించి, డక్‌వర్త్ ఎఫ్‌వీఏ ఇంజిన్ చేశాడు. ఆ అనుభవంతో మూడు లీటర్ల, ఎనిమిది సిలిండర్ల డీఎఫ్‌వీ పుట్టింది. ఈ రెండింటి కోసం ఫోర్డ్ పెట్టిన సొమ్ము లక్ష పౌండ్లు.

హిల్ ఆగినా పందెం ఆగలేదు. ఎనిమిదో స్థానం నుంచి బయలుదేరిన జిమ్ క్లార్క్, అదే ఇంజినున్న రెండో లోటస్‌తో ఒక్కొక్కరినీ దాటుకుంటూ ముందుకొచ్చాడు. 90 ల్యాప్‌లూ పూర్తి చేసి గెలిచాడు. ఆ వారాంతానికి ముందు అతను ఆ కారు నడపనే లేదు. తొలి పందెంలోనే గెలుపు! లోకమంతా ఆ గెలుపునే చూసింది. డక్‌వర్త్‌కు మాత్రం విరిగిన చక్రం మిగిలింది.

చక్రం ఎందుకు విరిగింది? తొమ్మిది వేల ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ తిరుగుతుంటే క్యామ్ అందులో సగం తిరుగుతుంది. అంటే ప్రతి వాల్వ్ సెకనుకు 75 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. క్యామ్ ఎత్తు వాల్వ్‌ను నొక్కేటప్పుడు స్ప్రింగు ఎదురు తిరుగుతుంది, క్యామ్‌ను వెనక్కి లాగుతుంది. ఎత్తు దాటగానే అదే స్ప్రింగు క్యామ్‌ను ముందుకు తోస్తుంది. లాగుడు, తోపుడు, మళ్లీ లాగుడు. చక్రాల పళ్లకు ఒకసారి ముందు వైపు, ఒకసారి వెనక వైపు దెబ్బ పడుతుంది. సగటు బరువు లెక్క చూస్తే చక్రం చాలినంత గట్టిదే. కానీ పంటిని విరిచేది సగటు బరువు కాదు, తిరగబడే ఆ దెబ్బ.

ఇలాంటప్పుడు ఎవరికైనా చక్రాన్ని ఇంకా మందంగా, ఇంకా గట్టిగా చేయాలనే అనిపిస్తుంది. డక్‌వర్త్ చివరికి చేరిన పరిష్కారం దానికి పూర్తిగా వేరు. చక్రాల వరుసలో ఒకదాని నడుమ పన్నెండు సన్నటి ఉక్కు కడ్డీలు పెట్టాడు. దెబ్బ పడినప్పుడు అవి కాస్త మెలితిరిగి, మళ్లీ సరి అవుతాయి. ఆ చక్రం ఇంజిన్ ప్రాణం నిలబెట్టింది. 1983 వరకు డీఎఫ్‌వీ, దాని నుంచి పుట్టిన ఇంజిన్లు కలిపి 155 గ్రాండ్ ప్రీలు గెలిచాయి.

ఖమ్మం–వరంగల్ రోడ్డు మీద ఉన్న మరిపెడలో షెడ్డు నడిపే మెకానిక్‌కు ఈ గాథ పరాయిది కాదు. పికప్ కోసం హెడ్డుకు ఫేసింగ్ కొట్టించి, కొత్త క్యామ్ వేసిన కారు వస్తుంది. బెల్టు మార్కులన్నీ సరిగ్గా కలిశాయి. అయినా బండి లాగదు. హెడ్డు తరిగితే క్యామ్ క్రాంకుకు దగ్గరవుతుంది, మిగిలిన బెల్టును టెన్షనర్ తీసుకుంటుంది, క్యామ్ కొద్ది డిగ్రీలు వెనకబడుతుంది. కంపెనీ మార్కు కంపెనీ హెడ్డుకే చెల్లుతుంది. పోనీ ఒక పన్ను జరుపుదామా? 40 పళ్ల క్యామ్ పుల్లీ మీద ఒక పన్నంటే క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. అంత తేడా వస్తే కొన్ని ఇంజిన్లలో వాల్వ్ వెళ్లి పిస్టన్‌కు తగులుతుంది.

కాబట్టి కొలవాలి. క్రాంకుకు డిగ్రీల చక్రం బిగించి, పిస్టన్ సరిగ్గా పైకొచ్చే చోటు పట్టుకుని, వాల్వ్ కదలికను డయల్ గేజ్‌తో చూడాలి. వచ్చిన లెక్కను క్యామ్‌తో వచ్చిన కాగితంతో పోల్చి, జరుపుకునే వీలున్న పుల్లీతో సరిచేయాలి. బెల్టు బిగించాక స్టార్టర్ ముట్టుకోకుండా స్పానర్‌తో క్రాంకును రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపి, విప్పి చూడాలి.

ఈ పనికి ఒక పూట పడుతుంది. కస్టమర్ తొందరపెడతాడు, పక్క షెడ్డువాడు గంటలో ఇచ్చేస్తానంటాడు. అయినా ఆ పూట ఇవ్వాల్సిందే. విరిగిన చక్రం మార్చి ఊరుకుంటే డక్‌వర్త్ ఇంజిన్ మరో పందెంలో మళ్లీ ఆగేది. కారణం దొరికేదాకా వదలనివాడి పనే నిలుస్తుంది. ఆ పట్టుదల ఉన్న చేయి నార్తాంప్టన్‌లో ఉన్నా, మరిపెడలో ఉన్నా దాని విలువ ఒక్కటే.