లేఖనసాధనములలో స్థితిభేదము: ఒక సూత్రము పుట్టుక

కంప్యూటరుపై వ్రాయువాడు పొరపడినచో ఆ దోషము వానిదా, సాధనమును నిర్మించినవానిదా? ఇంటర్ఫేసుల నిర్మాణసూత్రములలో ముఖ్యమైనవి ఈ ప్రశ్ననుండియే పుట్టినవని మా అభిప్రాయము. అందొకదాని చరిత్రను ఇచట పరిశీలింతము.

ఒకే మీట సందర్భమునుబట్టి వేర్వేరు పనులు చేయునపుడు ఆ సందర్భమును ఆంగ్లమున 'మోడు' అందురు. దానిని మేము 'స్థితి' యని వ్యవహరించుచున్నాము. 1974లో కాలిఫోర్నియాలోని జెరాక్సువారి పాలో ఆల్టో పరిశోధనకేంద్రమున బట్లర్ ల్యాంప్సన్, చార్లెస్ సిమోనీ మున్నగువారు ఆల్టో కంప్యూటరుకై 'బ్రావో' అను లేఖనసాధనమును నిర్మించిరి. అచ్చులో నుండునట్లే అక్షరములను తెరపై చూపుట దాని ఘనత. కాని దానికి ఆజ్ఞాస్థితి, లేఖనస్థితి యని రెండు స్థితులు కలవు. లేఖనస్థితిలో నున్నానని తలచి యొకడు 'ఎడిట్' అను ఆంగ్లపదమును కొట్టెననుకొందము. యంత్రము ఆజ్ఞాస్థితిలో నున్నచో, 'ఇ' యనగా సమస్తమును గ్రహింపుము. 'డి' యనగా తొలగింపుము. 'ఐ' యనగా చేర్పుము. కడపటి 'టి' యొక్కటియే పత్రమున మిగులును. వ్రాసినవాడు అక్షరదోష మొక్కటియు చేయలేదు. అయినను గ్రంథమంతయు పోయినది.

అదే కేంద్రమున లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు 1975 ప్రాంతమున జిన్ అను పాఠ్యపుస్తక ప్రచురణసంస్థకై 'జిప్సీ'ని రూపొందించిరి. వారు మొదట సంపాదకులు పనిచేయు తీరును గమనించిరి. ప్రతిని కత్తిరించి వేరొకచోట అతికించుట ఆ వృత్తివారికి పరిచితము. నేటి 'కట్', 'పేస్ట్' ఆజ్ఞల పేళ్లకు మూలమదియే. జిప్సీలో అక్షరపు మీట నొక్కినచో అక్షరమే పడును. మార్పవలసిన భాగమును మౌసుతో గుర్తించి, పిదప చేయవలసిన పనిని చెప్పవలెను. టెస్లర్ 1980లో యాపిల్ సంస్థలో చేరెను. ఈ పద్ధతి 1983లో లీసాయందును, 1984లో మెకింటాష్‌యందును వెలసెను.

దీనికి పూర్వపక్షము లేకపోలేదు. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో మౌసును ప్రదర్శించిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ దృష్టిలో సులభముగా నేర్వదగుట పరమప్రయోజనము కాదు. శ్రమించి నేర్చినవాని శక్తి పెరుగవలెను. 1976లో బిల్ జాయ్ వ్రాయనారంభించిన 'వీఐ' స్థితులు గలదయ్యు నేటికిని ప్రోగ్రామరుల ఆదరము పొందుచున్నది. కావున స్థితి యుండుటయే దోషమనరాదు. అది కనబడకుండుట దోషము. 1994లో యాకబ్ నీల్సన్ కూర్చిన పది సూత్రములలో మొదటిదియు, వ్యవస్థ ఏ స్థితిలో నున్నదో వాడువానికి తెలియుచుండవలెననియే చెప్పుచున్నది.

ఈ చర్చ తెలుగువారికి దూరమైనది కాదు. ఒకే కీబోర్డుపై తెలుగును ఆంగ్లమును వ్రాయువానికి భాషామార్పిడి స్థితిభేదమే. వాని దృష్టి వాక్యముపై నుండును గాని తెర మూలనున్న చిన్నగుర్తుపై నుండదు. కొన్ని పదములు వేరొక లిపిలో పడిన పిదపగాని విషయము బోధపడదు. ఆ గుర్తు వ్రాయుచోటనే, కర్సరు చెంతనే కనబడవలెనని మేము భావించుచున్నాము. చూపు నిలుచుచోట తెలుపని సాధనమునకు వ్రాయువానిని నిందించు అధికారము లేదు.