మన గోడ బొమ్మలకు ఒక గది

శ్రీకూర్మం ఆలయ ప్రదక్షిణ మండపం గోడల మీది వర్ణచిత్రాలను అందరూ ఆగి చూస్తారు. సిక్కోలు నుంచి సీతంపేట కొండలెక్కితే మన సవర గూడేల్లోనూ గోడ చిత్రాలుండేవి. వాటినే ఎడిసింగ్ అంటాం.

ఎర్రమట్టి అలికిన ఇంటి గోడ మీద, నలిపిన పుల్ల కొనతో, బియ్యప్పిండి నీటితో వేసేవారు. అవి అలంకారం కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పంట చేతికొచ్చినా దేవతలకు, గతించిన పెద్దలకు కట్టిన ఇల్లు ఆ బొమ్మ. గోడ మళ్లీ అలికితే పాత బొమ్మ పోయేది. గీసినవారి పేరూ దానితోనే పోయేది.

మన భాషకు గిడుగు రామమూర్తి 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు ఇచ్చారు. ఒడిశా సవరల గోడ బొమ్మల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో తన గ్రంథంలో వివరించారు. ఇద్దరూ బయటివారే. మనం రాసుకున్నది తక్కువ.

ఇప్పుడు ఆ బొమ్మలను గుడ్డ మీద, కాన్వాసు మీద వేసి అమ్ముతున్నారు. కూడు పెడుతోంది, మంచిదే. కానీ అర్థం జారిపోతే మిగిలేది డిజైనే.

యువతీ యువకులారా, ఊరికో గది చాలు. జీతగాళ్లు అక్కర్లేదు, వంతులేసుకుని తాళం తీయండి. ప్రతి బొమ్మ కింద మూడు సంగతులు రాయండి: ఎవరు గీశారు, ఏ గూడెం, ఎందుకు గీశారు. చెప్పే పెద్దలు ఉండగానే అడగండి.