వేదిక కింద నిలబడిన తల్లి



రూతు గ్రంథం ధ్యానించిన ప్రతిసారీ సంఘంలో ఎవరో ఒకరు అడుగుతారు: "అయ్యగారూ, ఇప్పుడు అలాంటి కోడలు వస్తే యూదులు సమాజమందిరంలోకి రానిస్తారా?" ఆ సంగతి తెలుసుకుందామని మేము కొంత చదివాం.

లేఖనాల్లోనే రెండు దారులు కనిపిస్తాయి. ఎజ్రా 10వ అధ్యాయంలో అన్యజనుల స్త్రీలను పిల్లలతో సహా పంపివేయాలని తీర్మానించారు. రూతు 4వ అధ్యాయంలో మోయాబీయురాలి కొడుకు ఓబేదు దావీదుకు తాత అయ్యాడు. అయితే రూతు నయోమి దేవుణ్ణి తన దేవునిగా ఒప్పుకుంది. ఒప్పుకోకుండా, భర్త కోసమో భార్య కోసమో మందిరం దాకా వచ్చేవాళ్ల మాటేమిటి? చిక్కంతా అక్కడే.

అమెరికాలో ఒకప్పుడు బిడ్డ అన్యురాలిని పెళ్లాడితే చనిపోయాడన్నట్టు ఏడు దినాలు దుఃఖం పాటించిన యూదుల ఇళ్లు ఉండేవి. అది కేవలం కఠినత్వం అనుకోకండి. హిట్లర్ కాలంలో అరవై లక్షలమందిని పోగొట్టుకున్న జనాంగం అది. మిగిలినవాళ్లు పెళ్లిళ్లతో కరిగిపోతారన్న భయం వారిది.

1978 డిసెంబరులో హూస్టన్ పట్టణంలో రబ్బీ అలెగ్జాండర్ షిండ్లర్ ఆ భయానికి ఎదురు నిలిచారు. ఆయన స్వయంగా నాజీల జర్మనీ నుంచి తప్పించుకు వచ్చిన కుటుంబంవాడు. ఇలాంటి దంపతులను నెట్టివేయకుండా వెదకి దగ్గరకు తీయాలని తన రిఫార్మ్ సంఘాలను కోరారు. 1983లో ఆ శాఖ రబ్బీలు, తల్లి గాని తండ్రి గాని యూదులై, బిడ్డను యూదునిగా పెంచితే యూదునిగానే ఎంచుతామన్నారు. తల్లినే లెక్కలోకి తీసుకునే ఆర్థొడాక్స్‌వారు దీన్ని నేటికీ ఒప్పుకోరు. మధ్యేమార్గపు కన్సర్వేటివ్ సంఘాలు 2017లో యూదేతరులకు సభ్యత్వం ఇవ్వాలో వద్దో ఏ మందిరానికి ఆ మందిరమే తేల్చుకోవచ్చన్నాయి. 2020లో ప్యూ సంస్థ చేసిన సర్వే ప్రకారం, 2010 తరువాత పెళ్లయిన అమెరికా యూదుల్లో 61 శాతం మంది జీవిత భాగస్వామి యూదులు కారు.

సభ్యత్వం ఇచ్చినంత మాత్రాన చిక్కు తీరలేదు. పదమూడేళ్ల కొడుకు ధర్మశాస్త్రపు చుట్ట ముందు నిలబడి చదివే రోజు వస్తుంది. వారం వారం వాణ్ణి హీబ్రూ బడికి దింపి వచ్చిన తల్లి వేదిక ఎక్కవచ్చా? అక్కడ పలికే ఆశీర్వచనంలో, మమ్మల్ని ఏర్పరచుకున్నావని దేవుణ్ణి స్తుతిస్తారు. యూదురాలు కాని తల్లి ఆ 'మమ్మల్ని' అనే మాట ఎలా పలుకుతుంది? కొన్ని మందిరాలు ఆమెను కొడుకు పక్కన నిలబడనిస్తాయి, ఆ మాటలు మాత్రం పలకనివ్వవు. అది తప్పని మేము అనలేం. నమ్మనిదాన్ని పలికించడం కన్నా అదే నిజాయితీ.

2004 ప్రాయశ్చిత్త దినాన కాలిఫోర్నియాలోని బెత్ ఆమ్ మందిరంలో రబ్బీ జానెట్ మార్డర్ యూదులు కాని భార్యలను, భర్తలను వేదిక మీదికి పిలిచారు. తమది కాని విశ్వాసంలో బిడ్డలను పెంచుతున్నందుకు వారికి కృతజ్ఞతలు చెప్పారు. సంఖ్యాకాండము 6వ అధ్యాయంలోని యాజకుల దీవెనతో సంఘమంతా వారిని దీవించింది.

తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు అని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతుంది. ఆ తండ్రి పేరు మాత్రం మనకు తెలియదు.

మా మందిరం ముందు వేపచెట్టు కింద ప్రతి ఆదివారం నాలుగైదు బండ్లు ఆగుతాయి. భార్యలను దింపి, ఆరాధన అయ్యేదాకా భర్తలు అక్కడే కూర్చుంటారు. ఇన్నేళ్లలో మేము వాళ్లకు ఒక్కసారి కూడా కృతజ్ఞత చెప్పలేదు. వచ్చే ఆదివారం ఆరాధన ముగియగానే ముందు ఆ చెట్టు దగ్గరికి వెళ్తాం.